నాన్న తాగిన కషాయం

మాది కొవ్వూరులో తవుడు, తెలగపిండి, ఉలవలు అమ్మే కొట్టు. ముందు కొట్టు, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో ఒక పాడిగేదె. పెరటి గోడ అవతల సన్నటి సందు, సందు దాటితే మేకలావిడ పాక. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంట్లో ఉండేది ముగ్గురం. నాన్న, నాన్న తల్లి మామ్మ, నేను. డెబ్భైల చివర్లో నాన్నకి క్షయ వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ ఏడాది మా ఇంట్లో జరిగింది నా పిల్లలకి కూడా నేను పూర్తిగా చెప్పలేదు.

మామ్మ నీచు అనే మాట కూడా పలికేది కాదు. "ఆ వస్తువు" అనేది. ఒకసారి కాకి ఎక్కణ్ణించో చేపముల్లు తెచ్చి పెరట్లో పడేస్తే, పెరడంతా పసుపునీళ్ళు చల్లించి, తలారా స్నానం చేసి, ఆ పూట అన్నం మానేసింది. నాన్న అంత పట్టింపు మనిషి కాదు. ఆయన బేరమంతా గొడ్లనీ మేకల్నీ పెంచేవాళ్ళతో. ఎవరి గేదె ఎన్నో ఈతలో ఉందో, ఎవరి మేక మేత ముట్టడం లేదో ఆయనకి తెలిసేది. కానీ గుడ్డు గడప దాటి లోపలికి వచ్చిన ఇల్లు కాదు మాది.

మేకలావిడకి నాలుగు మేకలుండేవి. మధ్యాహ్నం మేత నుంచి వచ్చే దారిలో మా పెరటి కిటికీ దగ్గర ఆగేవి. నాన్న భోజనం చేసి ఆ గదిలో కాసేపు నడుం వాల్చేవారు. పడుకునే ముందు కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపి, అరచేతిలో తడిపిన తవుడు పెట్టేవారు. అన్నిటికన్నా ముందు వచ్చేది ఎర్రటి ఆడమేక. పిల్లగా ఉన్నప్పుడు కుక్క పట్టుకుంటే దాని ఎడమ చెవి రెండుగా చీలిపోయింది. అది తవుడు తిన్నాక కూడా కదిలేది కాదు. నాన్న అరచెయ్యి నాకుతూ ఉండేది. "ఉప్పు ఉంటుందే చేతికి, దానికోసం" అనేవారు నాన్న.

మేకలావిడని నేను చిన్నప్పటినుంచీ అత్తా అని పిలిచేదాన్ని. మామ్మకి అది నచ్చేది కాదు.

మాఘమాసంలో నాన్నకి దగ్గు మొదలైంది. నెల తిరిగేసరికి దగ్గులో రక్తపు జీర కనబడింది. కొత్త వంతెన మీద బస్సెక్కి రాజమండ్రి వెళ్ళాం. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, సూదులు రాసి, మాత్రలు రాసి, ఆఖర్న తిండి సంగతి చెప్పారు. రోజూ గుడ్లు తినాలి, వారానికి నాలుగుసార్లయినా మేక కాళ్ళ సూపు తాగాలి. నాన్న రెండు చేతులూ జోడించారు.

"మందులు ఎన్నయినా మింగుతానండి. అది మాత్రం వద్దండి."

"ఒంట్లో బలం లేకపోతే నా మందేం చేస్తుందండి?" అన్నారు డాక్టరుగారు. కోపంగా కాదు. చాలామందికి అదే మాట చెప్పి విసిగినవాడిలా అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు నాన్న కిటికీ పక్కన కూర్చుని గోదావరి వైపు చూస్తూ ఉన్నారు. ఎండాకాలం ముందు రోజులు కదా, ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. దిగేటప్పుడు, "మామ్మకి చెప్పకు" అన్నారు. జబ్బు సంగతా, డాక్టరు చెప్పిన తిండి సంగతా, నేను అడగలేదు.

నాన్నకి పెరటి గదిలోనే పక్క వేశాం. ఆయన కంచం వేరు, గ్లాసు వేరు, మంచినీళ్ళ కుండ వేరు. కొట్లో నేను కూర్చునేదాన్ని. సూదులకి దగ్గు కాస్త తగ్గింది గానీ మనిషి కరిగిపోతూనే ఉన్నారు. చొక్కా భుజాల మీద తగిలించినట్టు ఉండేది. రెండు ముద్దలు తిని కంచం తోసేసేవారు. చైత్రం వచ్చేసరికి పెరట్లోంచి వసారా మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

మేకలావిడ ఒకరోజు తవుడు కోసం కొట్టుకి వచ్చి, సావుకారుగారికి ఎలా ఉందని అడిగింది. నాకు ఏడుపాగలేదు. డాక్టరు చెప్పిందంతా చెప్పేశాను. ఆవిడ తవుడు బుట్ట కింద పెట్టింది.

"నేను కాసి ఇస్తానండి. కషాయమని చెప్పండి" అంది.

"నాన్నకి తెలిసిపోతుంది."

"రోగం నోటికి రుచేం తెలుస్తాదండి?"

నేను కుదరదన్నాను. ఆవిడ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నాలుగో రోజు నాన్న స్నానానికి లేచి, రెండడుగులు వేసి, నూతి చప్టా మీద చతికిలబడి పిల్లాడిలా నా వైపు చూశారు. ఆ మధ్యాహ్నమే సందు దాటి వెళ్ళి, కాయమని ఆవిడకి చెప్పి వచ్చాను.

ఆవిడ తెల్లారగట్లే ఊకపొయ్యి మీద మట్టికుండ పెట్టేది. కసాయి కొట్లో తెచ్చిన మేక కాళ్ళు కాల్చి గీకి, ముక్కలు చేసి, మధ్యాహ్నం దాకా సన్నటి సెగ మీద కాగనిచ్చేది. పైన తేలిన కొవ్వంతా గరిటెతో తీసేసేది. గుడ్డలో రెండుసార్లు వడగట్టి, వాసన తెలియకుండా మిరియాలు, శొంఠి, వాము, ధనియాలు దంచి వేసి మళ్ళీ మరిగించేది. చూడ్డానికి కషాయంలాగే నల్లగా ఉండేది. నిడదవోలులో ఒక వైద్యుడు ఇచ్చిన మూలికలని ఇంట్లో చెప్పాను. మామ్మ భోజనం చేసి కునుకు తీసే వేళ, రెండు గంటలకి, మూతగిన్నెలో పోసుకుని సందు దాటి తెచ్చేదాన్ని.

మొదటి రోజు నాన్న గ్లాసు మొహం దాకా తెచ్చుకుని ఆగారు. కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఒక్క గుక్కలో తాగేశారు.

"ఘాటుగా ఉంది" అన్నారు, గ్లాసు నాకిస్తూ.

ఆ గ్లాసు ఇంటి నూతి దగ్గర కడగడానికి నాకు చెయ్యి రాలేదు. వీధి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి బూడిదతో తోమాను.

మర్నాడు మధ్యాహ్నం మేకలు ఎప్పటిలా కిటికీ దగ్గరికి వచ్చాయి. నాన్న ఊచల్లోంచి చెయ్యి చాపారు. చీలినచెవి మేక ముందుకొచ్చి మెడ చాపింది. అరచేతికి బెత్తెడు దూరంలో మూతి ఆపి, వాసన చూసింది. ముక్కు ఎగబీల్చి ఒక అడుగు వెనక్కి వేసింది. తవుడు ముట్టలేదు. మిగతావీ రాలేదు. నాలుగూ సందులో గోడకి ఆనుకుని వరసగా నిలబడి కిటికీ వైపు చూస్తున్నాయి. నాన్న నోటితో చప్పుడు చేసి పిలిచారు. చెయ్యి అలాగే చాచి చాలాసేపు ఉన్నారు. తవుడు వేళ్ళ సందుల్లోంచి కారి కింద పడింది.

"మందుల వాసన అయ్యుంటాది లెండి" అంది మేకలావిడ, నేను చెబితే. మందులు రెండు నెలలనుంచీ వాడుతున్నారు. నిన్నటిదాకా అవి ఆ చేతిలో తిన్నాయి.

అప్పట్నుంచి రోజూ అదే. సరిగ్గా నేను గిన్నెతో వచ్చే వేళకి నాలుగూ అక్కడ ఉండేవి. మెయ్యవు, అరవవు, నెమరు కూడా వెయ్యవు. ఎండలో నిలబడి కిటికీని చూస్తాయి. నాన్న గ్లాసు దించాక చీలినచెవిది ఒక్కసారి తల విదిలించేది. అప్పుడు అన్నీ కదిలి పాకవైపు పోయేవి. నేను వాటి మధ్యనుంచే నడిచి వెళ్ళాలి. అవి తప్పుకునేవి కావు. నా చీర కుచ్చెళ్ళు వాటి ఒంటికి రాసుకునేవి.

కషాయం పనిచేసింది. అది దాచలేను. మూడు వారాల్లో నాన్న మొహంలో రంగు వచ్చింది. అన్నం అడిగి పెట్టించుకున్నారు. ఒకరోజు గ్లాసు తాగేశాక పెదవులు నాక్కుని, "ఇవాళ ఉప్పు తక్కువైంది" అన్నారు. కషాయంలో ఉప్పు ఎవరు చూస్తారు? మర్నాడు సందులో ఆగి, గిన్నె మూత తీసి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు చూడ్డానికే అనుకున్నాను. ఉప్పు సరిపోయింది. వేలు మళ్ళీ ముంచాను. రెండోసారి ఎందుకు ముంచానో ఇప్పటికీ నాకు నేను చెప్పుకోలేను. తలెత్తితే మేకలు ఈసారి కిటికీ వైపు కాదు, నా వైపు చూస్తున్నాయి.

పొయ్యి దగ్గర కూర్చుని కాగేదాకా ఎదురుచూసే రోజుల్లో మేకలావిడతో మాటలు నడిచేవి. పెంచినవాటినే ఎలా తింటారని ఒకసారి అడిగాను. అడిగిన తీరులో మా ఇంటి గర్వం ఉండే ఉంటుంది. ఆవిడ నొచ్చుకోలేదు.

"మా ఇంట్లో పెరిగింది మేం తినమండి. అమ్మేస్తాం. కసాయి దగ్గర కొనుక్కున్నదే వండుకుంటాం. చేత్తో మేపినదాని కూర గొంతు దిగదండి" అంది. తర్వాత తనే అడిగింది. "మీ గేదె నాలుగు ఈతలు ఈనింది కదండీ. పోతుదూడలు ఏవండి?"

నేను ఆలోచించాను. మా గేదెకి రెండు పోతుదూడలు పుట్టాయి. రెండింటినీ పాలు మరవకముందే సంత మనిషి వచ్చి తాడేసి తీసుకెళ్ళాడు. ఎక్కడికని మామ్మ అడగలేదు, నాన్న అడగలేదు. ఆ పూట కూడా మేము పెరుగన్నం తిన్నాం. ఆవిడ మాట మార్చింది. మిరియాలు అయిపోయాయి, రేపు కొట్లోంచి తెమ్మంది.

జ్యేష్ఠంలో కొత్త సంగతి మొదలైంది. కషాయం తాగాక నాన్న గంటసేపు పడుకునేవారు. ఒకరోజు దుప్పటి సర్దడానికి వెళ్ళాను. ఆయన నిద్రపోతున్నారు. దవడ మాత్రం ఆడుతోంది. పళ్ళు కొరకడం కాదు. కింది దవడ పక్కకి జరిగి, తిరిగి వస్తోంది. తాపీగా, ఒకే లయలో. మధ్యమధ్య గొంతులో ఏదో పైకొచ్చినట్టు కదిలి, మళ్ళీ నమలడం. నోట్లో ఏమీ లేదు. ఎండ కిటికీలోంచి ఆయన మొహం మీద పడుతోంది. నేను పిలిచాను. దవడ ఆగింది. కళ్ళు తెరిచి నన్ను చూశారు గానీ, కాసేపు గుర్తుపట్టలేదు.

"కల వచ్చింది" అన్నారు, మంచినీళ్ళు తాగాక. "పచ్చిక మీద నిలబడి ఉన్నాను. ఎత్తు తక్కువ. అన్నీ పెద్దవిగా కనబడుతున్నాయి. పైనుంచి ఒక చెయ్యి వచ్చింది, తవుడుతో. ఉంగరం ఉంది దానికి." ఆగి, తన కుడిచేతి ఉంగరం చూసుకున్నారు. "నా చెయ్యేనే అది. కిందనుంచి చూస్తే ఇంత పెద్దదిగా ఉంటుందని తెలీదు."

ఆ కల మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఆయన భయపడలేదు. మరో ఊరు వెళ్ళొచ్చినవాడు అక్కడి వీధులు చెప్పినట్టు చెప్పేవారు. భయమంతా నాకే.

ఒక మధ్యాహ్నం గిన్నె కడుక్కుని వచ్చేసరికి మామ్మ పెరటి గదిలో ఉంది. కునుకు మధ్యలో లేచి వచ్చింది. నాన్న మంచం పక్కన నిలబడి, నెమరు వేస్తున్న కొడుకు మొహాన్ని చూస్తోంది. వంగింది. ఆయన శ్వాస దగ్గర మొహం పెట్టి వాసన చూసింది. నా చేతిలో గిన్నె ఉంది, దాచడానికి వ్యవధి లేదు.

మామ్మ నన్ను దాటుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకే వెళ్ళాను. పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని చేతులు చూసుకుంటోంది. అరుస్తుందనుకున్నాను, తల బాదుకుంటుందనుకున్నాను.

"ఎక్కణ్ణించి వస్తోందో నాకు చెప్పకు" అంది చివరికి. "రేపట్నుంచి మూత గట్టిగా పెట్టి తీసుకురా. సందంతా వాసన కొడుతుంది."

మర్నాటి నుంచి మామ్మ దేవుడి గదిలోకి వెళ్ళలేదు. దీపం నన్ను పెట్టమంది. నేనే వేలు ముంచి రుచి చూసినదాన్ని, ఆ చేత్తో దీపం పెట్టేదాన్ని. మామ్మ గుమ్మం బయట నిలబడి దూరం నుంచి దణ్ణం పెట్టుకునేది. ఏ పాపం చెయ్యని మనిషి బయట, నేను లోపల. ఆ సంగతి ఆమెకి చెప్పే ధైర్యం నాకు రాలేదు.

శ్రావణంలో గోదావరికి వరద వచ్చింది. ఎర్రటి నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చాయి, పల్లపు సందుల్లో మోకాలిలోతు నిలిచాయి. వాన వదలకుండా కురిసింది. మేకలు పాకలోంచి బయటికి రావడం లేదు. పది రోజులపాటు సందులో వాటి జాడ లేదు. కసాయి కొట్టు మూతపడింది. కషాయం ఆగిపోయింది. నాన్న మళ్ళీ కంచం తోసెయ్యడం మొదలుపెట్టారు. రెండు గంటలకి కిటికీ వైపు తిరిగి కూర్చునేవారు. అడిగేవారు కాదు, ఎదురుచూసేవారు. నేను తట్టుకోలేక తడుస్తూ మేకలావిడ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. నోరు తెరిచి ఏమీ అడగలేదు. ఆవిడ నన్ను చూసి, "రేపు రండి" అంది.

మర్నాడు గిన్నె తీసుకుని వచ్చాను. నాన్న సగం తాగారు. గ్లాసు దించి, చాలాసేపు వాన చప్పుడు వింటూ కూర్చున్నారు.

"దీని చెవి చీలి ఉంటుంది" అన్నారు.

నేను గ్లాసు వైపు చూశాను.

"వెళ్ళి అడుగు" అన్నారు.

సందు దాటి పరిగెత్తాను. మేకలావిడ పాక చూరు కింద గోనె మీద కూర్చుని ఉంది. లోపల మూడు మేకలే ఉన్నాయి. అడగవలసిన పని లేకపోయింది. ఆవిడే చెప్పింది.

"కసాయి రాలేదు కదండీ. మీరేమో గుమ్మంలో నిలబడ్డారు. ఏం చెయ్యనండి?" ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "నిన్న సాయంత్రం గట్టు అవతలకి తోలుకెళ్ళి మా మరిది చేతికిచ్చానండి. దానికి చెప్పే ఇచ్చాను. ఆయన చేత్తో తిన్నావు, ఆయన్ని నిలబెట్టవే అని చెప్పాను."

"అరిచిందా?"

"లేదండి. చెయ్యి చాపితే తవుడు అనుకుని వచ్చింది."

ఆవిడ దాని మాంసం ముట్టలేదు. కాళ్ళు మాకు కాసి, మిగతాది తనవాళ్ళుండే పాలెంలో పంచేసింది. పెంచినదాన్ని తినకూడదన్న తన నియమం తను తినకుండా నిలబెట్టుకుంది. కానీ చంపకూడదన్నదీ అందులో ఉండే ఉంటుంది. అది మాకోసం తెంచుకుంది. ఇంటికి నడిచి వస్తున్నంతసేపూ నాకు అదే. మా ఆచారం చెడిందని మేము కుమిలిపోతున్నాం. ఆవిడ ఆచారం చెడిన సంగతి ఎవరికీ పట్టలేదు.

నాన్నకి ఎలా తెలిసిందో ఆ తర్వాత చాలాసార్లు ఆలోచించాను. గట్టు అవతల జరిగింది, పెద్దవాన, మేక అరవలేదు. పది రోజులుగా ఆయన దాన్ని చూడలేదు. ఆవిడ చెప్పలేదు, నాకే తెలియదు. ఊహించి ఉంటారని సర్దిచెప్పుకుంటాను. ఒక్కోసారి ఆ సర్దుబాటు నిలుస్తుంది, ఒక్కోసారి నిలవదు.

తిరిగి వచ్చేసరికి నాన్న అలాగే కూర్చుని ఉన్నారు. సగం గ్లాసు ఒడిలో ఉంది. నా మొహం చూసి తలాడించారు.

"మొదటి రోజే తెలుసమ్మా" అన్నారు. "తవుడు కొట్టువాణ్ణి. మేక వాసన నాకు తెలీదా?"

"మరెందుకు తాగారు?"

"బతకాలనిపించింది." ఆ మాట సిగ్గుపడకుండా, మెల్లిగా అన్నారు. "నువ్వు కషాయం అన్నావు. అందుకని తాగగలిగాను. ఆ పేరు లేకపోతే చేతకాకపోయేది."

గ్లాసు తీసుకోబోయాను. ఆయన ఇవ్వలేదు. "పారబొయ్యకూడదు ఇది" అన్నారు. మిగతా సగం కొంచెం కొంచెంగా, మధ్యలో ఆగుతూ, చివరిచుక్కదాకా తాగారు. తర్వాత గ్లాసు ఆయనే నూతి దగ్గరికి తీసుకెళ్ళి వానలో కడిగారు. మామ్మ వసారాలోంచి చూస్తోంది. ఆపలేదు.

అదే ఆఖరిది. మళ్ళీ ఆయన అడగలేదు, నేను తేలేదు. అప్పటికి ఆకలి నిలిచింది, అన్నం పప్పుతోనే కోలుకున్నారు. దసరా వెళ్ళాక రాజమండ్రిలో మళ్ళీ ఎక్స్‌రే తీశారు. మచ్చలు మాసిపోతున్నాయని డాక్టరుగారు సంతోషించారు. ఆయన గది తలుపు తీసే ఉంది. బయట బల్ల మీద మా ఊరివాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. సూపు తాగారా అని డాక్టరుగారు అడిగారు. నాన్న వాళ్ళవైపు ఒకసారి చూసి, "తాగానండి" అన్నారు, అందరికీ వినపడేటట్టు.

ఆ మాట మాకన్నా ముందే వంతెన దాటింది. మా వాళ్ళలో కొందరు మా ఇంట మంచినీళ్ళు ముట్టడం మానేశారు. నాకు కుదరబోయిన సంబంధం ఒకటి కారణం చెప్పకుండా తప్పిపోయింది. "అబద్ధం చెప్పలేకపోయావా?" అంది మామ్మ. అప్పుడే కాదు, చాలా ఏళ్ళు అంటూనే ఉంది. నాన్న మళ్ళీ నీచు ముట్టలేదు. తినేవాళ్ళని చిన్నచూపుగా మా ఇంట్లో ఎవరైనా ఒక మాట అంటే మాత్రం లేచి బయటికి వెళ్ళిపోయేవారు. మా గేదెకి మళ్ళీ పోతుదూడ పుట్టినప్పుడు సంత మనిషిని తిప్పి పంపేశారు. ఆ దూడ పెరిగి దున్నపోతయి, పెరటి గోడ రెండుసార్లు కూలదోసింది. దానితో ఏం చెయ్యాలో మాలో ఎవరికీ తెలియలేదు. దాని మేత మామ్మే రోజూ తిట్టుకుంటూ కలిపేది.

మధ్యాహ్నం నిద్రలో ఆ దవడ ఆడడం పోలేదు. పెళ్ళయ్యాక రామచంద్రపురం నుంచి మా ఆయన మొదటిసారి వచ్చినప్పుడు చూసి, మీ నాన్నగారు నిద్రలో ఏం నములుతున్నారని అడిగారు. వక్కపొడి అలవాటని చెప్పాను. నాకు అబద్ధం అప్పటికి తేలికే.

ఎనభైల మొదట్లో మేకలావిడ నిడదవోలులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోదామని నిశ్చయించుకుంది. మోకాళ్ళు పనిచెయ్యడం లేదు, మేకల వెనక తిరగలేనంది. ఉన్నవాటిని అమ్మేసింది. వెళ్ళే ముందురోజు చెప్పిపోవడానికి కొట్టుకి వచ్చింది. ఆ సమయానికి నేను పుట్టింట్లోనే ఉన్నాను. నాన్న ఆవిడని కొట్లోంచి లోపలికి పిలిచి, సావిట్లో కూర్చోమన్నారు. ఆవిడ సందేహించి, గోడవారన కింద కూర్చుంది. నాన్న నా వైపు చూస్తే వంటింట్లోకి వెళ్ళాను. మామ్మ అప్పటికే అరిటాకు కడుగుతోంది. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, పెరుగు. వడ్డన నన్ను చెయ్యమంది, తను వంటింటి గుమ్మంలో నిలబడింది.

ఆవిడ నెమ్మదిగా తింది. కూర బాగుందంది. నాన్న ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఆవిడ పెరుగన్నం దాకా వచ్చేవరకూ ఆగి, అడిగారు.

"వాటికి తెలుస్తుందా? ముందుగా?"

ఏం అడుగుతున్నారో ఆవిడకి వెంటనే అర్థమైంది. ముద్ద కిందపెట్టింది.

"కొన్నిటికి తెలుస్తాదండి. తెలిసినవి అరవవండి."

ఆవిడ భోజనం ముగించి, లేచి, తను తిన్న ఆకు తనే మడిచి తీసుకుంది. పెరట్లోంచి సందులోకి వెళ్ళి పారేసి, చేతులు కడుక్కుని వచ్చింది. నేను తీస్తానంటే వద్దంది. మామ్మ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది. ఆకు తియ్యమని అనలేదు, అక్కర్లేదనీ అనలేదు.